గడ్డి కోసేవాడు లేని ఆట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. మచిలీపట్నంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కింద మందుల షాపు, పైన మావి రెండు గదులు. ఒక గదిలో బల్లలు, గోడకు కమ్మీలు, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప రాడ్లు. రెండో గదిలో ఆ ఏడాదే ఒక పెద్ద టీవీ, దానికి తగిలించే గేమ్ కన్సోల్ పెట్టాను. తెలిసినవాళ్లు కొందరు నవ్వారు. కానీ పక్షవాతం వచ్చినవాళ్లకు వీడియో గేమ్‌తో వ్యాయామం చేయించడం కొత్తేమీ కాదు. చేయి ఇరవైసార్లు ఎత్తమంటే నాలుగోసారికే విసుగొస్తుంది. అదే బంతిని కొట్టమంటే ఎన్నిసార్లు ఎత్తారో వాళ్లకే గుర్తుండదు.

నేను ఎక్కువగా వాడింది ఒక గోల్ఫ్ ఆట. పిల్లల కార్టూన్‌లా ఉంటుంది. పెద్ద తలలు, గుండ్రటి చేతులు, అసలు పాదాలే లేని మనుషులు. చెట్లన్నీ పీచుమిఠాయిల్లా ఉంటాయి. రిమోట్‌ను పట్టీతో చేతికి కట్టుకుని ఊపితే తెరమీది బొమ్మ కర్ర ఊపుతుంది. అలా ఊపేటప్పుడు నడుము తిరగాలి, ఒంటి బరువు ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదికి మారాలి. దాన్ని మేం వెయిట్ షిఫ్ట్ అంటాం. పక్షవాతం తర్వాత మనిషి మళ్లీ సరిగా నడవాలంటే ముందు రావలసింది అదే.

యేసుపాదం గారిని వాళ్ల చెల్లెలు రూతమ్మ గారు తీసుకొచ్చారు. ఆవిడ చల్లపల్లిలో బట్టలు కుడతారు. అన్నగారికి యాభై ఆరేళ్లు, కుడి వైపు పడిపోయింది. వారానికి మూడు రోజులు బస్సులో తీసుకొచ్చేవారు. బెంగళూరులో ఉండేవారని, భార్య ఏనాడో పోయారని, పిల్లలు లేరని ఆవిడే చెప్పారు. బెంగళూరులో ఏం పనో నేను అడగలేదు.

మొదటి రెండు వారాలూ ఆయన నాతో మాట్లాడలేదు. మాట కాస్త ముద్దగా వచ్చినా వచ్చేది, ఆయనే మాట్లాడేవారు కాదు. కుడిచెయ్యి చాపమంటే ఎడమచేత్తో దాన్ని ఎత్తి, ఎవరిదో వస్తువు అప్పగించినట్టు నా బల్ల మీద పెట్టేవారు. వేళ్లు ముడవమంటే కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఒకరోజు సత్యవతి గారని, గుడివాడలో టీచరుగా రిటైరైన ఆవిడ, బిగుసుకుపోయిన భుజం కోసం గోల్ఫ్ ఆడుతున్నారు. బంతి ఇసక గుంటలో పడింది. ఆవిడ బొమ్మ ఇసకలోకి దిగి, బంతిని బయటికి కొట్టి, చప్పట్ల మధ్య ముందుకు సాగిపోయింది. కుర్చీలోంచి యేసుపాదం గారి గొంతు వినపడింది.

"తప్పు."

నేను ఉలిక్కిపడి చూశాను. "ఏం తప్పండీ?"

"ఆ ఇసక. కొట్టేసి వెళ్లిపోయిందావిడ. అడుగులు ఎవరు చెరుపుతారు?"

"బొమ్మకి కాళ్లే లేవు కదండీ, అడుగులెక్కడివి?" అన్నారు సత్యవతి గారు నవ్వుతూ.

"అదే చెప్తున్నానండీ, తప్పని," అన్నారాయన. ఆయన నవ్వలేదు.

అప్పుడు తెలిసింది. నాగాయలంక దగ్గర పల్లెటూళ్లో పుట్టిన ఈయన పెళ్లైన కొత్తలో బెంగళూరు వెళ్లి, ఒక గోల్ఫ్ క్లబ్బులో ఇరవై ఎనిమిదేళ్లు గడ్డి పని చేశారు. ఆట ఆడటం కాదు, మైదానాన్ని ఆటకు తయారుచేయడం. బంతి చేరాల్సిన ప్రతి గుంట చుట్టూ తివాచీలా కోసే పచ్చికను గ్రీన్ అంటారట. ఆ గ్రీన్లు ఆయన చూసుకునేవారు.

ఆ మధ్యాహ్నమే రిమోట్‌ను ఆయన కుడిచేతికి కట్టి, పైన నా చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆయన ఆడారు. ఆడిన ప్రతిసారీ ఒక తప్పు పట్టారు.

"గడ్డికి వాలుంటుందమ్మా. కోత మిషను ఎటు తోలితే అటు పడుకుంటుంది. దానికి ఎదురెళ్తే బంతి బరువెక్కిపోద్ది. ఇదేంటి, సబ్బు మీద జారినట్టు జారుతోంది?"

"ఆట కదండీ," అన్నాను.

"ఆటేలెండి. మొన్న టీచరుగారు ఆడినప్పుడూ గుంట అక్కడే ఉంది, ఇయ్యాలా అక్కడే ఉంది. మేం రోజూ మారుస్తాం. పాతది పూడ్చేసి ఇంకోచోట కోస్తాం. అందరూ తొక్కిన చోటుకి కాస్త విశ్రాంతి ఉండాలి కదమ్మా."

మాట్లాడుతుండగా ఆయన చెయ్యి నా చేతి కింద పదిహేనుసార్లు ఊగింది. నేను లెక్కపెట్టాను, ఆయన పెట్టలేదు.

తర్వాతి వారం నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఆట అమ్మే వెబ్‌సైట్‌లో, కొన్నవాళ్లు అభిప్రాయాలు రాసే పేజీ తెరిచి ఆయనకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. బొమ్మలు ముద్దుగా ఉన్నాయన్నారు ఒకరు. మరీ తేలికన్నారు ఇంకొకరు. మైదానాలు చాలవని, గాలి తోలినప్పుడు గెలవలేకపోతున్నామని, పాట విసుగ్గా ఉందని రకరకాల ఫిర్యాదులు. ఆయన ఓపిగ్గా అన్నీ విన్నారు.

"గడ్డి గురించి ఎవరూ రాయలేదామ్మా?"

"లేదండీ."

"అంత పచ్చిక. ఎవరు కోశారని ఒక్కరికీ తోచలేదా?"

ఒక రూళ్ల పుస్తకం, లావుపాటి పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టాను. "అయితే మీరే రాయండి. కుడిచేత్తో."

మొదటి రోజు గంటసేపు కష్టపడితే 'ఈ ఆట' అన్న రెండు ముక్కలు వచ్చాయి. అక్షరాలు గీతలు దాటి పోయాయి. కానీ తర్వాతిసారి ఆయన చెల్లెలి కంటే ముందు మెట్లెక్కి వచ్చారు. నెలరోజులకు అభిప్రాయం పూర్తయింది. ఆయన రాసింది రాసినట్టే ఆ పేజీలో పెట్టాను:

"ఈ ఆట బాగోలేదు. బొమ్మలు బాగున్నాయి. గడ్డికి వాలు లేదు. మంచు పడదు. గుంట ఎప్పుడూ ఒకచోటే ఉంది. ఇంత మైదానంలో పనిచేసే మనిషి ఒక్కడూ కనపడలేదు. ఒక్కణ్ణి పెట్టండి. దూరంగా పెట్టినా పరవాలేదు."

'ఉపయోగపడింది' అని దాని కింద ఇద్దరు నొక్కారు. ఒకరు నేను, ఇంకొకరు రూతమ్మ గారు.

మంచు పడదన్న మాట దగ్గర నేను ఆగి అడిగాను. తెల్లారేసరికి గ్రీన్ అంతా మంచు పట్టి ఉంటుందట. పొడుగాటి వెదురు గడ తీసుకుని, రెండు చేతులతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గడ్డి మీద తేలిగ్గా ఊపుకుంటూ నడవాలి. నీటి చుక్కలు రాలిపోతాయి. లేకపోతే గడ్డికి తెగులు పడుతుంది. కూర్చునే చేతులు ఊపి చూపించారు. నెల రోజులుగా ఆయన చేత చేయించాలని నేను తంటాలు పడుతున్న వెయిట్ షిఫ్ట్ సరిగ్గా అదే.

మర్నాడు బజారు నుంచి వెదురు గడ తెప్పించాను. పొద్దున్నే క్లినిక్ మేడ మీద, ఉత్త సిమెంటు నేల మీద, ఆయన మంచు దులపడం మొదలుపెట్టారు. మొదట్లో వెనక నేను నడుము పట్టుకునేదాన్ని. తర్వాత పక్కన నిలబడ్డాను. మూడోవారం నేను మెట్ల దగ్గరే ఉండిపోయాను. ఆయన ఆ చివర నుంచి ఈ చివరికి, ఎక్కడా ఒక జానెడు చోటు వదలకుండా ఊపుకుంటూ వచ్చారు. రూతమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

ఆ రోజే ఆయన అసలు సంగతి చెప్పారు. బెంగళూరు నుంచి వచ్చేసేటప్పుడు క్లబ్బు సూపర్‌వైజరు ఆరు నెలలు నీ పని నీకే ఉంచుతానన్నారట. అప్పటికే నాలుగు నెలలు అయిపోయాయి.

"చెయ్యొస్తుందామ్మా? గుంట కోసేంత వస్తుందా?"

"ఎందుకు రాదండీ, వచ్చేస్తుంది," అన్నాను.

ఆ మాట అనకూడదు. కొలవకుండా, తెలియకుండా, ఆయన మొహం చూసి అనేశాను.

గుంట కోసే సాధనాన్ని హోల్ కట్టర్ అంటారు. పదునైన అంచున్న ఇనుప గొట్టం, పైన రెండు చేతుల పిడి. నేలకు నొక్కి, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. ఆయన చెప్పిన కొలతలతో ఒక వెల్డింగ్ షాపులో అలాంటిది చేయించాను. ఆరో నెల మొదట్లో, వాన వెలిసిన ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక చల్లపల్లిలో రూతమ్మ గారి పెరట్లో ప్రయత్నించాం. నల్లమట్టి మెత్తగా ఉంది. ఆయన గొట్టం నిలబెట్టి పిడి పట్టుకున్నారు. ఎడమచెయ్యి తిప్పింది, కుడిచెయ్యి జారింది. పిడిని లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పట్టుకున్నారు. మళ్లీ జారింది. మూడోసారి గొట్టం పక్కకు ఒరిగి, మట్టిలో నెలవంక లాంటి గాటు మాత్రం పడింది.

నేను క్షమించమని అడగబోయాను. ఆయనే ముందు మాట్లాడారు.

"నాకు తెలుసమ్మా. రెండు వారాలుగా తెలుసు. మీరు బాధపడతారని చెప్పలేదు."

తర్వాత అన్నాచెల్లెళ్లు బెంగళూరు వెళ్లారు, ఇక రాలేనని చెప్పి సామాను తెచ్చుకోవడానికి. పది రోజులకు ఆయన ఒక్కరే బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు, కర్ర సాయం కూడా లేకుండా. ఏం జరిగిందో కూర్చుని చెప్పారు.

క్లబ్బులో మునియప్ప అని ఈయనతో పాటు ఇన్నేళ్లూ పనిచేసినాయన ఉన్నాడు. ఈయన పనిలోకి ఇప్పుడు అతన్నే మార్చారు. ఇంకా వెలుతురు రాకముందే ఈయన్ని గ్రీన్ దగ్గరికి తీసుకెళ్లి గడ చేతికిచ్చాడట. ఈయన ఆ గ్రీన్ మొత్తం మంచు దులిపారు. అయ్యాక మునియప్ప కట్టర్ పట్టుకుని నిలబడి, "ఇవాళ ఎక్కడ పెడదాం, పాదం?" అని అడిగాడట.

"అంతా ఓసారి తిరిగి చూశానమ్మా. ఎడమ పక్కన కాస్త ఎత్తుంది. ఇక్కడ పెట్టు అన్నాను. వాడు కోశాడు."

"ఎలా అనిపించిందండీ?"

ఆయన తన కుడి అరచేతిని చూసుకున్నారు. "బానే ఉంది. గడ్డి కొంచెం పొడుగు వదిలేస్తున్నారు. చెబుదామనుకున్నా. మళ్లీ ఎందుకులే అని వచ్చేశా."

ఇప్పుడాయన చెల్లెలి దగ్గరే ఉంటున్నారు. గుండీలు కుడతారు, కుట్టిన బట్టలు ఇస్త్రీ చేస్తారు. నడక బాగుంది. తెల్లారకముందే లేచి, వాకిట్లో కాసేపు నిలబడి, చేసేదేమీ లేక లోపలికి వచ్చేస్తారని రూతమ్మ గారు చెప్పారు. "దానికేమన్నా మందుంటుందా మేడమ్?" అని ఫోన్‌లో అడిగారు. లేదన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

ఆ కేసు తర్వాత నేను రెండు విషయాలు మార్చుకున్నాను. కొలవని దానికి మాట ఇవ్వడం మానేశాను. రెండోది, చెయ్యి ఎంత వంగుతోందని చూసేముందు ఆ చెయ్యి ఇన్నాళ్లూ ఏం చేసిందో అడుగుతున్నాను. మనిషికి ఏది తిరిగి కావాలో తెలియకుండా వేళ్లు ముడవమంటే, ఎవరి కోసం ముడవాలి?

మొన్న పెడన నుంచి ఒకావిడ వచ్చారు. కలంకారీ అద్దకం పని, మణికట్టు విరిగి అతుక్కుంది. ఆ చేత్తో ఏం చేసేవారమ్మా అని అడిగాను. ఆవిడ మంచి చేత్తో కనపడని చెక్క అచ్చును నా బల్ల మీద ఆనించి, దెబ్బతిన్న చెయ్యి పిడికిలి బిగించి దాని మీద గుద్దారు. నొప్పికి కళ్లు మూసుకున్నారు. అచ్చును పక్కకు జరిపి మళ్లీ గుద్దారు. ఆపమనాలని నోటిదాకా వచ్చింది. కానీ బల్ల మీద కాగితాలన్నీ తీసేసి ఆవిడకు చోటిచ్చాను.