తొలి నీళ్ళు

ఇప్పటికీ పొద్దున్నే కుళాయి తిప్పగానే నీళ్ళకంటే ముందు బుస్సుమని గాలి వస్తుంది. దాని వెనకాలే తుప్పూ, తడిసిన జనపనారా కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన తగిలిందంటే, నీళ్ళు ఎంత తేటగా ఉన్నా నేను నమ్మను. రెండు బిందెలు జామచెట్టు మొదట్లోకి వదిలాకే పట్టుకుంటాను. "నీళ్ళట్టా పారబోస్తే ఎట్టా అవ్వా?" అని పక్కవాటా అమ్మాయి రోజూ సాధిస్తుంది. సాధించనీ. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి గానీ, అనుమానం ఎనిమిదేళ్ళకే వచ్చింది.

అరవైల మొదట్లో కోవూరులో మా పేటవాళ్ళందరికీ పెన్న ఇసకలో తవ్విన చెలమలే గతి. అమ్మ మోచేతి లోతు ఇసక తీసి, ఊరిన తొలి నీళ్ళను కొబ్బరిచిప్పతో తోడి పారబోసి, మళ్ళీ ఊరినవీ పారబోసి, మూడోసారి తేటపడ్డాకే కుండలోకి ముంచేది. తొలి నీళ్ళు తాగితే కడుపులో కప్పలు పుడతాయని నన్ను బెదిరించేది. వడగాడ్పులు కొట్టే మధ్యాహ్నాల్లో, మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు తిని నాలుక మండుతుంటే, ఇసక చల్లదనం పట్టిన ఆ నీళ్ళు గొంతులోంచి దిగుతున్న దారంతా తెలిసేది.

మా అమ్మ పేరు సువార్తమ్మ. శేషమ్మవ్వ అనే పెద్ద రైతు ఇంట్లో అంట్లు తోమి బట్టలుతికేది, నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆ వీధిలో మొదటి కుళాయి వాళ్ళింటికే వచ్చింది. శేషమ్మవ్వ కొడుకు వెంకురెడ్డి అప్పటికి కొత్తగా పెరడంతా నాపరాళ్ళు పరిపించి ఉన్నాడు. ఆ రాళ్ళు లేపడానికి మనసొప్పక, వీధిలోంచి వచ్చే ఇనుప గొట్టాన్ని ఇంటి మురుగు కాలవలోంచే లాగించాడు. రెండు గొట్టాలు కలిసే చోట మరలకు చుట్టిన జనపనార బయటికి వేలాడుతుండేది. కాలవ నిండితే ఆ అతుకు మునిగిపోయేది.

నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చేవి. పొద్దున తొలి నీళ్ళు శేషమ్మవ్వవి. తలకు పోసుకుని తడిచీరతో వచ్చి, ఇంకెవరి చెయ్యీ తగలకముందే వెండి చెంబుతో పట్టేది. "ఎంగిలి పడని నీళ్ళు" అనేది వాటిని. అవి దేవుడికి, ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ తీర్థం, ఆ వెనక పట్టిన బిందె తాగడానికి. తర్వాత వంటకు, స్నానాలకు, గేదెలకు. అందరివీ అయ్యాక చిట్టచివర మా కుండ. కుండ నిండాక, నీళ్ళు ఆగే వేళకు కుళాయి మూతికి నేను అరచెయ్యి ఆనించేదాన్ని. చెయ్యి సర్రున లోపలికి అతుక్కునేది. కుళాయి ముద్దు పెడుతోందని నవ్వుకునేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి కాలవ పొంగింది. ఆ ఇంట్లో ముందు పిల్లలకు వాంతులూ బేదులూ పట్టుకున్నాయి, తర్వాత కోడలికి. చిన్న మనవరాలు చిట్టి తల ఎత్తలేకపోయింది. నెల్లూరి నుంచి వచ్చిన డాక్టరు నీళ్ళ మీద అనుమానం చెబితే శేషమ్మవ్వ కస్సుమంది. ఎంగిలి పడని నీళ్ళకు దోషమేమిటి? ఆమె చూపు మా మీదికి తిరిగింది.

"అదే కుళాయి, అదే నీళ్ళు. మా పిలకాయలు మంచాన పడితే నీ కూతురు మేకపిల్ల మాదిరి గంతులేస్తా ఉండాదే, ఎట్టా మే?"

"దేవుడి దయ పెద్దమ్మా."

"దేవుడి దయా, నువ్వు పెట్టిన మందా?"

మందు పెట్టడమంటే మాలో చేతబడితో సమానం. ఆ మాట పడ్డ ఆడదానికి ఏ ఇంట్లోనూ అంట్లు దొరకవు. చిట్టికి ఏమన్నా అయితే అమ్మను ఊళ్ళో ఉండనిచ్చేవాళ్ళే కాదు. మాకు రోగం రాకపోవడమే మా నేరమైపోయింది.

ఇంటికొచ్చి అమ్మ నన్ను, ఆ కుళాయి దగ్గర నువ్వేం ముట్టుకున్నావో అంతా చెప్పమంది. భయపడుతూ ముద్దు సంగతి చెప్పాను.

"ముద్దా నీ మొహమా! అది పీలుస్తా ఉండాదే. మూతి మూస్తే ఇంకేడనించి పీలుస్తాది?"

మరునాటి సాయంత్రం నీళ్ళు ఆగబోయే ముందు, వెంకురెడ్డి తెల్లపంచెలకు పెట్టే నీలిమందు ఉండను అమ్మ అతుకు మునిగి ఉన్న కాలవ నీళ్ళలో కలిపి, పారకుండా గుడ్డ అడ్డం పెట్టింది. నీళ్ళు ఆగుతుండగానే కుళాయి బిగించింది.

పొద్దున శేషమ్మవ్వ చెంబులోకి నీలి నీళ్ళు దిగాయి.

ఆమె కేకకు ఇల్లంతా పెరట్లోకి వచ్చింది. అమ్మ బట్టల బండ దగ్గర నుంచి కదలలేదు. "అవును పెద్దమ్మా, మందే పెట్టినాను. నీలిమందు. పెట్టింది మీ కాలవలో. మీ చెంబులోకి ఎట్టా వచ్చిందో మీ అబ్బయ్యనడగండి."

వెంకురెడ్డి పంచె ఎగగట్టి కాలవలో చెయ్యి పెట్టాడు. అతుకు దగ్గర నార తడిసిన వెంట్రుకల్లా ఊడి చేతికొచ్చింది. కుళాయి అలాగే వదిలారు. రెండో బిందెకు రంగు పలచబడింది, మూడోదానికి తేటపడింది.

"మేము తాగేది ఇయ్యే," అంది అమ్మ. "మీ అందరి ఎంగిలీ అయినాక మిగిలినయ్యి."

నాపరాళ్ళు లేచాయి. గొట్టం గోడవెంట పైకెక్కింది. చిట్టి నెలకు లేచి తిరిగింది. నీలిరంగు చూపించింది దారిని మాత్రమే. ఆ దారిన ఏ రోగం వచ్చిందో ఎవరూ కళ్ళతో చూడలేదు, నేనూ చూశానని చెప్పను. శేషమ్మవ్వ క్షమించమని ఒక్కనాడూ అనలేదు. కానీ ఆనాటి నుంచి వెండి చెంబు పట్టుకుని ఆగి, "ఏం మే సువార్తా, తేటపడినయ్యా?" అని అడిగి, అమ్మ తల ఊపాకే పట్టేది. ఊరు మాత్రం అమ్మకు నీలిమందు సువార్తమ్మ అని పేరు పెట్టింది. కొందరు నవ్వుతూ అనేవాళ్ళు. కొందరు నవ్వకుండా అనేవాళ్ళు. చనిపోయేదాకా ఆ పేరులో మందు అమ్మను వదల్లేదు.

ఇప్పుడు పెన్నలో చెలమ తీద్దామంటే ఇసకే లేదు, లారీలెక్కి పోయింది. మూడుసార్లు తోడి పారబోసే ఓపికా పోయింది. పక్కవాటా అమ్మాయి వంటింటి గోడకు నీళ్ళు శుద్ధిచేసే మిషను పెట్టించుకుంది. అందులో పచ్చలైటు వెలిగితే చాలు ఆమెకు. "గొట్టం యాడనించి వస్తా ఉండాదో ఎప్పుడన్నా చూసినావా తల్లీ?" అని అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

నేను మాత్రం నీళ్ళు ఆగే వేళకు కుళాయి మూతికి అరచెయ్యి ఆనించి చూస్తాను. ఇంకా పీలుస్తూనే ఉంది.