పెదనాయన చదివిన సినిమాలు

పొద్దున్నే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. "పెదనాయన పోయిండు బిడ్డా," అన్నది పెద్దమ్మ. రాత్రి మంచిగనే తిని పడుకున్నాడట, తెల్లారి లేవలేదట. వికారాబాద్ స్టేషన్‌లో రైలెక్కి కిటికీ పక్కనే కూర్చున్నా గానీ, దారిలో ఏమేం దాటిపోయినయో చూడలేదు.

ఆయనకు తాండూరు బజార్లో బట్టల దుకాణం ఉండేది. తెలుగు, ఉర్దూ, కన్నడం, ఎవరు ఏ భాషలో బేరమాడితే ఆ భాషలోనే నవ్వించి పంపేవాడు. యాభై దాటినంక ఒక జ్వరం వచ్చి రెండు చెవులూ పోయినయి. మిషన్ పెట్టినా లాభం లేకపోయింది. దుకాణం కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. సినిమాలంటే ప్రాణం పెట్టే మనిషి, టీవీ పెడితే లేచి లోపలికి పోయేవాడు. "మూతులు కదులుతయ్, ముచ్చట తెలుస్తలేదు," అనేవాడు.

ఒక ఆదివారం వాళ్లింట్లో నేను ఫోన్లో ఇరాన్ సినిమా చూస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. తెర కింద వాళ్ల మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో నడుస్తున్నాయి. ఆయనకు ఇంగ్లీషు చదవొచ్చు. కాసేపటికి పక్కన కూర్చున్నాడు. సినిమా అయిపోయినంక నా చెయ్యి పట్టుకుని, "ఇంకోటున్నదా?" అన్నాడు.

అప్పటి నుంచి ఆదివారమంటే నాకు తాండూరే. కొరియా, జపాను, ఫ్రాన్సు, ఏదైనా సరే. "చెవులు పోయినంక అన్ని భాషలు ఒక్కటేనే. రాసుంటే చాలు, ఏ ఊరోడైనా నా చుట్టమే," అనేవాడు.

పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమె కోసం అక్షరాలన్నీ తెలుగు చేసి పైకి చదివేవాడు. తన గొంతు తనకు వినపడదు గదా, గల్లీ మొత్తానికీ వినిపించేది. ఆయన నోట్లో పడి కొరియా తల్లి కూడా "జర తిని పోరాదు కొడుకా" అనేది. గట్లనే అన్నదా అని పెద్దమ్మ చెయ్యి తిప్పి అడిగితే, "తల్లి ఇంకేమంటది?" అనేవాడు.

బదులుగా పెద్దమ్మ ఆయనకు చప్పుళ్లు చెప్పేది. వాన పడితే ఆయన అరచేతిలో వేళ్లతో చినుకులు రాల్చేది. పాటొస్తే మోకాలి మీద తాళం. ఒకసారి తెరమీద ఒక ముసలాయన ఎంతకూ కదలకుండా నిలబడ్డాడు. "ఇప్పుడేమన్న వినొస్తున్నదా?" అని పెదనాయన అడిగాడు. మేమిద్దరం లేదని తలూపాం. ఎంత సంబురపడ్డాడో! "అయితే గిప్పుడు ముగ్గురం సమానం!"

కర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయినంక నేను ఆగిపోయాను. సాయంత్రం పెద్దమ్మే, "ఏదన్న ఒక సినిమా పెట్టు," అన్నది. పెట్టి, తెలుగు చేసి చదవడం మొదలుపెట్టాను. కొద్దిసేపు విన్నది.

"మంచిగనే చదువుతున్నవ్ బిడ్డా. కానీ ఇగ ఆపు."

రిమోట్ తీసుకుని టీవీ గొంతు కూడా మొత్తం తగ్గించేసింది.

"ఇన్నేండ్లు ఆయనకు గిట్లనే ఉండెనా?" అన్నది మెల్లగా.

తెరమీద ఒకామె తలుపు తీసి, వీధిలోకి ఎవరినో పిలుస్తోంది. పెద్దమ్మ ముందుకు వంగి, కదులుతున్న ఆ పెదాలనే చూస్తూ కూర్చుంది.