కడగని ఐసుగడ్డ

తిరువూరు బస్టాండు ముందు చెరకురసం బండి పెట్టుకున్న ఏసురత్నానికి ఐసంటే మహా పట్టింపు. పొద్దున్నే గోనెసంచిలో వచ్చిన ఐసుగడ్డని రెండు బిందెల నీళ్ళతో కడిగి, అంటుకున్న రంపపు పొట్టుని గోటితో గీకి, ఎండకెత్తి పట్టి అద్దంలా కనబడితే గానీ సుత్తి ముట్టుకోడు. అలాంటివాడిని, హైస్కూల్లో సైన్సు చెప్పే వినీల వచ్చి, "కడక్కుండా ఒక గడ్డ ఇవ్వండి. పొట్టూ మట్టీ అలాగే ఉండాలి" అనడిగింది. "మురికి ఐసు నేనమ్మనండి, పేరు పోతుంది" అన్నాడతను. "తినడానికి కాదండీ, పిల్లలకి తోకచుక్క చూపించడానికి. సూర్యుడూ గ్రహాలూ పుట్టినప్పుడు మిగిలిపోయిన మంచూ, దుమ్మూ, మసిలాంటి కర్బన పదార్థాలూ ఎక్కడో దూరాన, చలిలో గడ్డకట్టి ఉండిపోయాయి. తోకచుక్కంటే అదే."

ఏసురత్నం ఆలోచించి గడ్డయితే ఇచ్చాడు గానీ, ఏ పిల్లయినా నోట్లో పెట్టుకుంటుందేమోనని బండి మూసి తానే మోసుకెళ్ళాడు. క్లాసులో వినీల దానికి బొగ్గుపొడి పూసి, కిటికీ దగ్గర ఎండలో పెట్టి, టేబుల్ ఫ్యాను తిప్పింది. గడ్డ మీద తేలిన తెల్లటి ఆవిరి గాలికి ఒక పక్కకి సాగింది. "సూర్యుడి దగ్గరికొస్తే తోక ఇలాగే వస్తుంది" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్న ఏసురత్నం చెయ్యెత్తాడు.

"అసలుది ఎప్పుడొస్తుందండీ?"

"బాగా పేరున్నదొకటి ఇంకో ముప్పై అయిదేళ్ళకి వస్తుందండి."

అతను ముందు బెంచీల నిండా ఉన్న జడలనీ క్రాఫులనీ ఒకసారి కలయజూశాడు.

"అయితే వీళ్ళందరూ చూస్తారన్నమాట" అని హాయిగా నవ్వాడు.