లైటు కొట్టుకున్న నలభై నిమిషాలు

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో నేను ఐదేళ్లు ఉన్నాను. నాలుగో ఏడు ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు, నాలుగు సిలిండర్ల ఇంజిన్, వయసు ఇరవై ఏళ్ల పైమాట. ముప్పై మూడేళ్లకి నాకు అలాంటి కారు కావాలనిపించింది. ఎందుకని ఇప్పుడు అడిగితే, రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే బూడిదరంగు సెడాన్‌లో నన్ను ఎవరూ చూడరని అనిపించేది, అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

కొన్న మూడో వారానికే ఇంజిన్ వణకడం మొదలైంది. ఒక శుక్రవారం సాయంత్రం పార్కింగ్‌లో బానెట్ ఎత్తి, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నిలబడ్డాను. చెత్త సంచి పట్టుకుని పక్కనుంచి వెళ్తున్న ఒకాయన ఆగాడు. కాసేపు ఇంజిన్ శబ్దం విని, "మిస్సింగ్ కొడతందండీ. ఒక సిలిండర్ అసలు పని చేయట్లేదు," అన్నాడు.

ఆయన మా ఎదురు బ్లాకులో ఉంటాడని తెలుసు. రోజూ కూతుర్ని స్కూల్లో దింపడం, సరుకులు మోసుకురావడం చూసేవాణ్ని. మాట్లాడటం మాత్రం అదే మొదలు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు షెడ్డు నడిపాడట. కింద పన్నెండు మంది పనివాళ్లు ఉండేవారట. భార్యకి ఇక్కడ ఉద్యోగం వచ్చాక షెడ్డు తమ్ముడికి అప్పగించి వచ్చేశాడు. ఆమెది హెచ్‌వన్ ఉద్యోగ వీసా, ఆయనది ఆమె మీద ఆధారపడి వచ్చే హెచ్‌ఫోర్. ఆమె గ్రీన్‌కార్డు పని ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది కాబట్టి ఈయనకి పనిచేసే అనుమతి లేదు. రెండేళ్లుగా బ్యాటరీలు, బ్రేకులు చూసిపెట్టడం తప్ప ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేదని నవ్వుతూ చెప్పాడు. చెబుతూనే చెత్త సంచి కింద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు.

ఆ గంటసేపు ఆయన పనిచేయడం చూశాను. ఒక్కో ప్లగ్గు మీదున్న, నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే కాయిల్ తీసి, మార్చి మార్చి పెట్టి, ఇంజిన్ శబ్దం వింటూ, మూడో సిలిండర్ కాయిల్ చచ్చిపోయిందని తేల్చాడు. ఇద్దరం పార్ట్స్ షాపుకి వెళ్లాం. అక్కడ మా కారుకి సరిపడే కాయిల్ ఒక్కటే ఉంది, మిగతావి మంగళవారం వస్తాయన్నారు. ఉన్నదాన్ని తెచ్చి బిగించాడు. ఇంజిన్ నున్నగా తిరిగింది. అప్పటికి నన్ను తమ్ముడూ అంటున్నాడు, నేను ఆయన్ని అన్నా అంటున్నాను.

చేతులు తుడుచుకుంటూ ఆయన చెప్పిన మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

"తమ్ముడూ, మిగతా మూడు కాయిళ్లూ దాని ఈడువే. ఎప్పుడు పోతాయో తెలీదు. మంగళారం దాకా ఊళ్లోనే మెల్లగా తిప్పుకో. హైవే వద్దు. ఆ చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలిగితే ఇంటికొచ్చెయ్. ఆరతా వెలగతా కొట్టుకుంటా ఉంటే మాత్రం ఎక్కడున్నావో అక్కడే ఆపి ఇంజిన్ కట్టెయ్."

ఎందుకని అడిగాను. కారు కింద పొగగొట్టానికి మధ్యలో ఒక డబ్బా ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్. దాన్ని వేలితో చూపించి, "సిలిండర్‌లో కాలని పెట్రోలు దీంట్లోకి పోయి ఇక్కడ కాలుద్ది. డబ్బా ఎర్రగా అయిపోద్ది. పైన కార్పెట్ ఉంది, కింద గడ్డి ఉంటది. చెప్పేది అర్థమైందా?" అన్నాడు.

అర్థమైందన్నాను. ఎంత ఇవ్వమంటావని అడిగితే చేయి అడ్డంగా ఊపి, చెత్త సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి రోజు శనివారం. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయిని ఉత్తరాన ఉన్న పెద్ద చెరువు దాకా డ్రైవ్‌కి తీసుకెళ్తానని వారం క్రితమే చెప్పి ఉన్నాను. గంటన్నర దారి. సెడాన్‌లో వెళ్లొచ్చు. మంగళవారం తర్వాత ఇంకో శనివారం పెట్టుకోవచ్చు. ఆ రెండూ నాకు తోచాయి, తోచి కూడా స్పోర్ట్స్ కారు తాళాలే తీసుకున్నాను. ఇంజిన్ నున్నగా తిరుగుతోంది కదా అనుకున్నాను.

డెంటన్ దాటిన కాసేపటికి కారు ఒకసారి కుదిపింది. పసుపు లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఊరికే వెలగడం కాదు, కొట్టుకుంటోంది.

అదేంటని ఆమె అడిగింది. పాత కార్లలో సెన్సార్లు ఇలాగే ఉంటాయని చెప్పాను. ఆపమంటావా అంది. అక్కర్లేదన్నాను. ఏసీ పెంచాను, పాటల వాల్యూమ్ పెంచాను. వేగం పడిపోతుంటే యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. మధ్యలో హైవే దిగే ఎగ్జిట్లు ఎన్నో వచ్చాయి, పెట్రోలు బంకులు వచ్చాయి. ప్రతి ఎగ్జిట్ దగ్గరా ఇక్కడ ఆపుదామా అనుకునేవాణ్ని. ఆపితే ఆమె ముందు నవ్వులపాలవుతానని అనిపించేది. అలా నలభై నిమిషాలు నడిపాను. డ్యాష్‌బోర్డు మీద గడియారం ఉంది కాబట్టి ఆ లెక్క కచ్చితంగా తెలుసు.

మొదట కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. తర్వాత ఆమె చెప్పుల్లోంచి పాదాలు పైకి తీసుకుని, "కింద కాలుతోంది," అంది. నేను చూసేసరికి మా ఇద్దరి సీట్ల మధ్య కార్పెట్ అంచు నుంచి సన్నగా పొగ లేస్తోంది. అప్పుడు ఆపాను. కంగారులో తారు మీద ఆపకుండా పక్కకి గడ్డిలోకి దించేశాను. టెక్సస్ ఆగస్టు గడ్డి అది, ముట్టుకుంటే విరిగేలా ఉంది.

దిగి వంగి చూశాను. కారు కింద నీడలో ఆ డబ్బా ఎర్రగా కాలి కనిపించింది. పట్టపగలు కూడా ఆ ఎరుపు తెలుస్తోంది. దాని కింద గడ్డి నల్లబడి, అంచుల్లో చిన్న మంట పాకుతోంది. ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను. ఆమే ముందు పరుగెత్తి చేతులూపి ఒక ట్రక్కుని ఆపింది. ఆ డ్రైవరు మంటలార్పే సిలిండర్ తెచ్చి గడ్డి మీద కొట్టాడు. తర్వాత ముగ్గురం కారుని తోసి తారు మీదకి తెచ్చాం. ఆ డ్రైవరు పెద్దవాడు, బాగా చెమట పట్టి ఉన్నాడు. లైటు ఏదీ రాలేదా అని నన్ను అడిగాడు.

రాలేదన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. వేరే కారు పిలిపించుకుని, అది వచ్చేదాకా ట్రక్కు నీడలో నిలబడింది. తర్వాత ఆఫీసులో ఎదురైతే హాయ్ అనేది, అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

టో ట్రక్ ముందు సీట్లో కూర్చుని ఇంటికి వస్తున్నప్పుడు ఫోన్ తీశాను. మా కాంప్లెక్స్ తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో ఇలా రాశాను: "కార్లు ఎవరితో టచ్ చేయించుకుంటున్నారో చూసుకోండి. నిన్న మన పార్కింగ్‌లోనే రిపేర్ చేయించాను. ఇవాళ హైవే మీద కారు ఆల్మోస్ట్ తగలబడింది."

పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. ఆయన అంతకుముందే ఇద్దరు ముగ్గురికి బ్యాటరీ మార్చిపెట్టాడు, ఒకరికి బ్రేకులు చూసిపెట్టాడు. అందరికీ తెలుసు.

జవాబులు వరసగా వచ్చాయి. అయ్యో, సేఫేనా అన్నవాళ్లు కొందరు. నేను ముందే అనుకున్నా అన్నవాళ్లు కొందరు. ఒకతను హెచ్‌ఫోర్ మీద ఉండి ఈ పనులు చేయొచ్చా అని అడిగాడు. ఇంకొకతను, డబ్బులు తీసుకుంటే ఇల్లీగల్, ఎవరైనా రిపోర్ట్ చేస్తే వైఫ్ స్టేటస్‌కి కూడా ప్రాబ్లమ్ అని రాశాడు. ఆయన డబ్బులు తీసుకోలేదని నేను ఒక్క లైను రాయొచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. చదువుతూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, అంతమంది నా తరఫున మాట్లాడుతుంటే మనసు కాస్త కుదుటపడింది కూడా.

సాయంత్రానికి ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాల్లో కనిపించింది.

సోమవారం గ్యారేజీ అతను పిలిచి, ఊడదీసిన కన్వర్టర్‌ని చేతికిచ్చాడు. లోపల తేనెపట్టులా ఉండాల్సిన భాగం కరిగి ముద్దైపోయింది. పోయింది రెండో సిలిండర్ కాయిల్ అని చెప్పాడు. మూడో దాంట్లో కొత్త కాయిల్ ఉంది, ఎవరు పెట్టారో గానీ చక్కగా పెట్టారు, ప్లగ్గులు కూడా శుభ్రం చేసి ఉన్నాయి అన్నాడు. లైటు ఎంతసేపు కొట్టుకుందని అడిగాడు. గమనించలేదన్నాను. అతను ఇంకేమీ అడగకుండా కాగితం మీద రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన భార్య మా తలుపు తట్టింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో బ్యాడ్జి ఇంకా ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి మాట్లాడింది.

"ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మీ దగ్గర కూడా. అది మీకు తెలుసు."

తెలుసన్నాను.

"మా మేనేజర్ వాళ్ల చెల్లెలు మన కాంప్లెక్స్‌లోనే ఉంటుంది. ఇవాళ ఆఫీసులో నన్ను అడిగారు, మీ హజ్బెండ్ ఏదో బిజినెస్ చేస్తున్నారటగా అని. నా గ్రీన్‌కార్డు పేపర్లు ఫైల్ చేసే టైములో ఈ మాట పుట్టింది. మా పాప ఇక్కడ ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది." మెడలోని బ్యాడ్జి తీసి గుప్పిట్లో పట్టుకుంది. "ఒక్క లైను రాయండి. డబ్బులు తీసుకోలేదని, ఆయన తప్పు లేదని. ఇంకేం వద్దు."

ఆయన ఏమంటున్నారని అడిగాను.

"ఏమీ అనట్లేదు. నేను వచ్చినట్టు ఆయనకి తెలీదు."

రాస్తానని మాటిచ్చాను. ఆ రాత్రి రాయడానికి కూర్చున్నాను. ఆయన తప్పు లేదని రాస్తే, మరి ఎవరి తప్పని అడుగుతారు. లైటు సంగతి చెప్పాలి, హైవే వద్దన్న సంగతి చెప్పాలి. నాలుగుసార్లు రాసి చెరిపాను. చివరికి పంపింది ఇది: "కారు ఇష్యూ సెటిల్ అయిపోయింది. ఇంక డిస్కషన్ వద్దు ప్లీజ్."

నిమిషంలో ఒకతను అడిగాడు: "గుడ్. ఆయన కాంపెన్సేట్ చేశాడా?"

దానికి నేను జవాబు రాయలేదు. రాయకపోవడం వల్ల అందరూ అవుననే అనుకున్నారు. నేను రాసిన దాంతో ఆయన తప్పు ఒప్పుకుని నాకు డబ్బు కట్టినట్టయింది. ఆమె అడిగిన దానికి ఇది పూర్తిగా వ్యతిరేకమని పంపిన క్షణంలోనే తెలిసింది. తీసేసే అవకాశం ఉంది, తీసేయలేదు.

తర్వాత ఆయన పార్కింగ్‌లో ఏ కారు దగ్గరా ఆగలేదు. ఒకసారి పై అంతస్తులో ఉండే ముసలాయన కారు స్టార్ట్ కాక అవస్థ పడుతుంటే, ఆయన సరుకుల సంచులతో పక్కనుంచే వెళ్లడం కిటికీలోంచి చూశాను. రెండడుగులు నెమ్మదించాడు, మళ్లీ నడిచాడు. నేను ఎదురైతే మాత్రం తలూపేవాడు. ఆ తలూపు నుంచి తప్పించుకోవడానికి నేను చెత్త పారేసే వేళలు మార్చుకున్నాను.

నవంబరులో వాళ్లు ఖాళీ చేస్తున్నారని తెలిసింది. ఆమెకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం దొరికిందట. కొత్త కంపెనీతో గ్రీన్‌కార్డు పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంటే ఆయనకి అనుమతి రావడం ఇంకో రెండు మూడేళ్లు వెనక్కి పోయినట్టే. ఈ మారడం నా వల్లేనా అని నేను ఎవరినీ అడగలేదు.

వాళ్లు వెళ్లే ముందు రోజు వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. ఆయన హాల్లో నేల మీద కూర్చుని డబ్బాలకి టేపు వేస్తున్నాడు. భార్య, పాప ఇంట్లో లేరు. క్షమించమని అడగడానికి వచ్చానని, గ్రూపులో అలా రాసి ఉండకూడదని చెప్పాను. దారిలో ఇంకా చాలా అనుకున్నాను గానీ అంతకంటే రాలేదు.

ఆయన టేపు తెంపి, అంచు అరచేత్తో నొక్కి, తలెత్తాడు.

"ఒకటి అడుగుతానండీ," అన్నాడు. తమ్ముడూ అనలేదు. "ఆ రోజు లైటు కొట్టుకుందా?"

"కొట్టుకుంది అన్నా."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"అలా రాసేటప్పుడు మీకు తెలుసు కదా మరి, తప్పు ఎవరిదో."

"తెలుసు," అన్నాను.

ఆయన కోప్పడతాడని చూశాను. కోప్పడలేదు. "నేనే కాయిల్ సరిగ్గా పెట్టలేదేమోనని మూడు నెలల్నించీ అనుకుంటన్నా. రాత్రిళ్లు నిద్దరట్టేది కాదు. రెండేళ్లు ఇంజిన్ పని ముట్టుకోలేదు కదా, చెయ్యి పోయిందేమో అనుకున్నా," అన్నాడు.

గ్యారేజీ అతను ఆయన పని చక్కగా ఉందన్నాడని అప్పుడు చెప్పాను. ఆ మాట మూడు నెలలుగా నా దగ్గర ఉంది. చెప్పడానికి ఎదురు బ్లాకు దాకా నడిస్తే సరిపోయేది. నేను రాసిన అబద్ధం గురించే ఇన్నాళ్లూ బాధపడ్డాను గానీ, చెప్పకుండా దాచుకున్న ఈ మాట గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆయన విని, "సరే," అన్నాడు. నేను ఇంకో డబ్బా పట్టుకోబోతే, వద్దండీ, బరువు నాకు అలవాటే అన్నాడు. వచ్చేశాను.

కారు బాగుచేయించి ఆ వసంతంలో అమ్మేశాను. ఆ ఏడాదే నేనూ ఆ కాంప్లెక్స్ వదిలాను. గ్రూపులో మాత్రం ఇంకా ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్లు నమ్మకమైన మెకానిక్ ఎవరైనా ఉన్నారా అని అప్పుడప్పుడూ అడుగుతుంటారు. పాతవాళ్లలో ఎవరో ఒకరు, బయట షాపుకే వెళ్లండి, ఇక్కడ ఒకసారి ఒకాయన చేసిన రిపేర్‌కి ఒకతని కారు కాలిపోయింది అని రాస్తారు. కిందటి నెల కూడా రాశారు. చదివి, ఫోన్ పక్కన పెట్టాను.