తర్వాతేమైందంటారండీ?

మా పక్క వాటాలో అద్దెకుండే సినిమా ఆయన ఏ కథా పూర్తిగా చెప్పేవారు కాదు. మంచి పట్టు మీద ఆపేసి, ఎదురుగా ఉన్నది నాలుగేళ్ళ పిల్లయినా సరే, "తర్వాతేమైందంటారండీ?" అని అడిగేవారు.

వాళ్ళ నాన్నగారు రాజోలు వైపు పాస్టరు. చర్చిలో క్రిస్మస్ నాటకాలకి పెట్రోమాక్సు లైటు పట్టుకుంటూ పెరిగారట. మద్రాసులో ఆయన కథ ఎవరూ వినకపోతే, వాటాకొచ్చిన కొబ్బరితోట అమ్మి కెమెరా కొనుక్కుని, అమలాపురంలోనే సొంతంగా సినిమా తీస్తుండేవారు.

ఒక సాయంత్రం మా పాపకి, కాలవ అడుగున దీపం పెట్టుకుని కూర్చున్న చేపపిల్ల కథ చెప్పి, అలవాటుగా ఆపేసి తన వాటాలోకి వెళ్ళేరు. నేను పాలు కాచి వచ్చేసరికి పాప అరుగు మీద లేదు. కాలవ మా వీధి చివరే. పాపా అని అరుస్తూ వీధిలోకొచ్చేను. ఆయన చెప్పులైనా వేసుకోకుండా నాకంటే ముందు పరిగెత్తేరు.

పాప రేవులో ఆఖరి మెట్టు మీద కూర్చుని నీళ్ళలోకి వంగి చూస్తోంది. ఆయన ఒక్క ఊపున ఎత్తుకున్నారు.

"ఎందుకొచ్చావే ఇక్కడికి?" అన్నాను ఏడుస్తూ.

"తర్వాతేమైందో చూద్దామని. చేపపిల్ల దీపం ఆర్పేసిందమ్మా. ఏం కనబడలేదు."

"క్షమించండమ్మా. ఇంకెప్పుడూ కథ చెప్పనండి," అన్నారాయన నాతో. ఆ వెంటనే పాప వైపు తిరిగి, తనే ఆపుకోలేనట్టు, "దీపం ఎందుకార్పేసిందంటారండీ?" అన్నారు.

పాప ఆయన భుజం మీంచి మళ్ళీ నీళ్ళలోకి చూసింది.

"వాళ్ళమ్మకి కనపడకూడదనండీ."

పాపని ఆయన చేతుల్లోంచి లాక్కున్నాను. ఇల్లు చేరేక కూడా కిందికి దింపలేదు.