అడ్డంగా నడిచే మిషారీ

మిషారీ ఎంత వెడల్పాటి తలుపులోంచైనా పక్కకు తిరిగే లోపలికి వస్తాడు. ఆపరేషన్‌లో కడుపు మూడొంతులు కోసి తీసేశాక నూట డెబ్భై కిలోల మనిషి ఏడాదిలో ఎనభైకి దిగాడు. అయినా ఊపిరి బిగబట్టి, ముందు భుజం దూర్చి, ఎవరికో దారి ఇస్తున్నట్టే అడుగు పెడతాడు. కూర్చునే ముందు సోఫాను అరచేత్తో నొక్కి చూసుకుంటాడు. సాయంత్రాలు మగవాళ్ళంతా చేరే దివానియాలో పెద్ద పళ్ళెం ముందు మూడు ముద్దలకే ఆగిపోయి, మంచి మాంసం ముక్కలన్నీ పక్కవాళ్ళ వైపు తోస్తుంటాడు. "నువ్వు దించుకున్న కిలోలు మాకెక్కిస్తావేంట్రా!" అంటారు వాళ్ళు. అతను నవ్వేస్తాడు.

రియాద్‌లో తన కూతురి దగ్గరుంటున్న పెదనాన్న దుఐజ్ రెండేళ్ళ తర్వాత మొన్న దివానియాకి వచ్చాడు. ఆయన పుట్టుగుడ్డి. మిషారీ వంగి, పలకరింపుగా ఆనవాయితీ ప్రకారం ముక్కుకు ముక్కు ఆనించాడు. పెదనాన్న ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వేళ్ళతో ఆ నుదురూ, చెంపల ఎముకలూ తడిమాడు.

"బర్రాక్? ఒరే తమ్ముడూ, నిన్ను ఈ చేతులతోనే కదరా మట్టిలో దించాను!"

తండ్రి బర్రాక్ పోయేనాటికి మిషారీకి రెండేళ్ళు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అతని బుగ్గల కింద ఎముక ఎవరి చేతికీ తగల్లేదు, అతనికి కూడా.

"నేను పెదనాన్నా, మిషారీని."

"తెలిసిందిరా" అన్నాడు ముసలాయన, చేతులు తియ్యకుండానే. "కాసేపు మాట్లాడకు."

ఆ సాయంత్రం మిషారీ తన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర పక్కకు తిరగడం మర్చిపోయాడు.