ఆడతనం చాలలేదన్న రోజు

లవంగం వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి హెడ్‌ఫోన్ మీదికి పోతుంది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ గదుల్లో సుగుణమ్మ గారు బుగ్గన లవంగం పెట్టుకుని, తన గొంతు తనకు వినబడాలని ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపి మాట్లాడేవారు. తెర మీది తల్లులందరికీ గొంతు ఇచ్చిన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి, తీరిక దొరికినప్పుడల్లా పాత బౌద్ధ గ్రంథాల పాళీ భాష నేర్చుకున్నారు. ఎవరు నవ్వినా మానలేదు.

అప్పట్లో నేను కృష్ణానగర్‌లో కిరాయి గదిలో ఉంటూ మొదటిసారి కథానాయికకు గొంతు ఇస్తున్నాను. తండ్రి ఇంటికి రమ్మంటే కూతురు "నేను రాను" అనే సీను. తల్లి గొంతు సుగుణమ్మ గారిది. అద్దం అవతలి నుంచి దర్శకుడు, "ఆడతనం చాలట్లేదమ్మా, ఇంకోటి" అన్నాడు. గొంతు సన్నం చేశాను. ఇంకా సన్నం చేశాను. పదకొండో టేకుకి ఆ అమ్మాయి రానంటున్నట్టు లేదు, తీసుకెళ్లమని బతిమాలుతున్నట్టుంది. నామీద నాకే అసహ్యం వేసింది.

టీ విరామంలో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. "నా గొంతే గిట్లుంటది అమ్మా. నాకు ఆడతనం లేదేమో."

"పాళీలో దాన్ని ఇత్థిభావం అంటారే" అన్నారావిడ. "ఆడమనిషని తెలిపే ఆకారం, నడక, తీరు, అన్నీ కలిపి. పాత పండితులు దాన్ని ఒంటి లెక్కలోనే రాశారు, మనసు లెక్కలో కాదు. ఆ రాసినవాళ్లూ మగాళ్లేలే. పుట్టుకతో నీకున్నదాన్ని ఇతను చాలలేదంటే ఎలాగే? రానని చెప్పేది మనసు. దాన్ని చెప్పనీ."

లోపలికి వెళ్లాక దర్శకుడు మళ్లీ అదే మాట అన్నాడు. సుగుణమ్మ గారు మైకు దగ్గరికి వంగి, "కోపం కావాలా బాబూ, భయం కావాలా? అది చెప్పండి, చేస్తుంది. ఆడతనమంటే మాత్రం మీరే ఒకసారి చేసి చూపించాలి" అన్నారు. నేను ఒక చెవి ఖాళీ చేసుకుని, నా గొంతుతో "నేను రాను" అన్నాను.

సాయంత్రానికి నా పాత్ర ఇంకొకరికి వెళ్లింది. ఆవిడ పాత్ర కూడా పోయిందని మేనేజర్ చెబితేనే తెలిసింది. పరుగెత్తుకెళ్లి అడిగితే, "మంచి టేకు ఊరికే వస్తుందా?" అని నా చేతిలో ఒక లవంగం పెట్టారు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. నిన్న షేక్‌పేట స్టూడియోలో ఒక కుర్ర దర్శకుడు కొంచెం ఆడతనం కావాలన్నాడు. హెడ్‌ఫోన్ పక్కకు జరిపి, "కోపమా సార్, భయమా?" అని అడిగాను. నా గొంతుతోనే చెప్పాను. వద్దనుకుంటే ఇంకొకరిని పిలుచుకుంటారు. నేను మాత్రం సన్నం చేయను.